కళ్ళకి మట్టి రాసుకున్న ఆటగాడు

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం ఎవరింట్లోనైనా వీసీఆర్ అద్దెకి తెచ్చారంటే చాలు, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా వీధంతా పెళ్లిసందడే. సదర్ బజార్ నుంచి రిక్షాలో, దుప్పటి చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చేవారు. ఒక వారం మా వంతు వచ్చింది. ముందుగదిలో చాపలు పరిచాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వేలో స్థిరపడ్డ కుటుంబాలన్నీ అక్కడే ఉన్నాయి.

క్యాసెట్ డబ్బా మీద ఉన్న పేరు తెలుగు భక్తి సినిమాది. లోపల మాత్రం ఇంగ్లీషు బొమ్మ... మార్చుకుందామంటే కొట్టు మూసేశారు. తెచ్చిన వీసీఆర్‌ని ఊరికే కూర్చోబెడతామా? చూడ్డం మొదలుపెట్టాం.

తీరా అది బేస్‌బాల్ సినిమా. మాకు తెలిసిన బ్యాటు క్రికెట్ బ్యాటొక్కటే. మా నాన్న ప్యాసింజర్ బండి డ్రైవరు, రూల్సు పుస్తకం ఇంగ్లీషులో చదివినవాడు. కనక అర్థం చెప్పే పని ఆయన మీద పడింది. నాన్నకి ఆ ఆట గురించి ముక్క తెలియదు... అయినా తగ్గలేదు. బంతి కొట్టినవాడు మూడు స్టేషన్లు తాకి, బయల్దేరిన చోటికే తిరిగి రావాలని, వాడికంటే ముందు బంతి వస్తే ఆ బండి రద్దయినట్టేనని చెప్పుకుపోయాడు. మేం నమ్మాం.

కథ మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. ఒక ముసలి ఆటగాడికి చూపు మందగించి, జట్టులోంచి తీసేస్తారు. ఆయన ఒక పాడుబడ్డ మైదానంలోకి వెళ్లి, అక్కడి మట్టి తీసి కనురెప్పలకి రాసుకుంటాడు. ఇంకేముంది... బంతి దూదిపింజలా మెల్లగా, గుమ్మడికాయంత పెద్దదై వస్తుంది! ఆఖర్న కొట్టిన బంతి మబ్బుల్లోకి పోయి, ఇక కిందికి రాదు. జనమంతా తలెత్తి చూస్తూ ఉండగానే సినిమా అయిపోయింది. పక్కింటి మామ్మ సాయంత్రం దాకా ఆ బంతి ఎక్కడ పడిందని అడుగుతూనే ఉంది.

అందరూ నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆ నెలలోనే నాన్న కంటి పరీక్ష తప్పాడు. డ్రైవర్లకి కొన్నేళ్లకోసారి కళ్ళు పరీక్ష చేస్తారు. ఇంకొక్క అవకాశం ఉంది, పది రోజుల్లో. అదీ పోతే ఇంజను దిగిపోయి ఆఫీసులో కాగితాలు సర్దుకోవాలి. నాన్న కంచం ముందు కూర్చుని అన్నం కలపడం మరిచిపోయేవాడు.

మర్నాడు స్కూలు మైదానం నుంచి అగ్గిపెట్టె నిండా మట్టి తెచ్చాను. నాన్న కోప్పడలేదు... కళ్ళు మూసుకుని రాయించుకున్నాడు. అమ్మ చూసింది. ఉన్న చూపు కూడా పోగొడతావా అని నా వీపు విమానం మోత మోగించింది.

అసలు మంత్రం రమణ బాబాయి తెచ్చాడు. ఆయనా డ్రైవరే. తన పరీక్షప్పుడు గోడ మీది అక్షరాలన్నీ గుర్తుపెట్టుకుని వచ్చి, చీటీ మీద రాసి నాన్నకిచ్చాడు. బట్టీ కొడితే గట్టెక్కినట్టే అన్నాడు. ఇక రోజూ సాయంత్రం వరండాలో ముక్కాలిపీట మీద కూర్చుని నేను చీటీ పట్టుకునేదాన్ని, నాన్న అప్పజెప్పేవాడు. నేను టీచరు, నాన్న పిల్లాడు! నాలుగు రోజుల్లో ఒక్క తప్పు లేకుండా చెప్పేశాడు. ఇక మా నాన్న ఇంజను దిగనక్కర్లేదని ఎంత సంబరపడ్డానో...

పరీక్ష రోజు మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాడు. చెంబుడు నీళ్లు తాగి, అక్షరాలన్నీ గడగడా చదివేశానన్నాడు. డాక్టరు పాస్ అని రాయబోతుంటే ఆపి, "సాబ్, యాద్ కియా హై... దిఖ్తా నహీ" అని చెప్పేశాడట. అంటే, కంఠస్థం చేశాను, కనబడదు అని.

రమణ బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అన్ని రోజులు అప్పజెప్పించుకున్నదాన్ని నేను కదా! సినిమాలో ఆ ముసలాయన మట్టి రాసుకుని ఆడలేదా, నువ్వెందుకు చెప్పావు అని నిలదీశాను.

నాన్న నన్ను దగ్గరికి లాక్కున్నాడు. "ఆడి ఎనకాల సేతికి తోలు తొడుగు ఏసుకుని ఒకడు గొంతుక్కూకున్నాడు, సూసినావేటి అమ్మీ? ముసిలోడు బంతి కొట్టకపోతే ఆడు పట్టుకుంతాడు. నాను ఎర్ర సిగ్నలు సూడకపోతే... నా ఎనకాల పట్టుకోడానికి ఎవలున్నారే? అందరూ బండిలో కూకున్నోళ్ళే."

ఆ కూర్చున్న మనిషిని నేను గమనించనే లేదు. నా కళ్ళన్నీ ముసలాయన మీదే.

అయినా నా కోపం తీరలేదు. రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు. చేతికందిన దాన్ని కాలదన్నుకున్నాడని వీధిలో చాలారోజులు అనుకున్నారు. నాన్న రిటైరయ్యేదాకా ఆఫీసు కుర్చీలోనే ఉన్నాడు. ఇంజను కూత వినబడితే మాత్రం మాట మధ్యలో ఆగిపోయేవాడు.

ఇప్పుడు ఏ దేశపు సినిమా అయినా ఫోన్లోనే... ఎవరి చెవుల్లో వాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరి మూల వాళ్లు చూసుకుంటున్నాం. అర్థం చెప్పేవాళ్లతో పనే లేదు.

కానీ రైల్లో బెర్తు మీద వాలిన ప్రతిసారీ, ముందు ఇంజన్లో ఉన్న ఎవరో తెలియని మనిషి కళ్ళని నమ్ముకునే నిద్రపోతాను. అలా నిద్రపోయేవాళ్ల కోసమే నాన్న ఇంజను దిగాడని పదేళ్లప్పుడు తెలియలేదు. తెలిశాక, ఆ రెండు రోజులు మాట్లాడనందుకు తప్పైపోయింది నాన్నా అని చెబుదామంటే... ఆయన లేడు.

మీ దగ్గరా అలా చెప్పకుండా మిగిలిపోయిన మాట ఉంటే, ఇక్కడైనా రాయండి... నేను చదువుతాను.