వాసన వస్తోందా అని ఎవరిని అడగాలి

ఆ రోజు స్కూల్లో ఇంటర్వెల్ బెల్లు కొట్టాక బాత్రూముకి వెళ్ళాను. రక్తం పడింది. అంతకుముందు కూడా పడేది. మొలలని నాకు నేనే తీర్పు చెప్పేసుకుని, మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ తెచ్చుకుని నెలల తరబడి రాసుకున్నాను. ఆ రోజు పడింది వేరుగా ఉంది. ముదురు రంగు, జిగట. బన్సీలాల్‌పేట్‌లో నా చిన్నప్పుడు మేము అద్దెకున్న ఇంటి వెనక గది కళ్ళ ముందు కదిలింది. అందులో మా నాన్న పడుకునేవారు.

నాన్న రైల్వే ఆఫీసులో గుమస్తా. నేను పదో తరగతిలో ఉండగా ఆయనకి పెద్దపేగు చివర గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి, మలం బయటికి రావడానికి పొట్ట మీద దారి పెట్టారు. ఇప్పుడు దొరికే బ్యాగులు అప్పట్లో మాకు తెలియవు. దూది, పాత పంచె ముక్కలు, వాటి మీద ఒక బెల్టు. పొద్దున్నే అమ్మ గుడ్డలు మార్చి లేవబోతుంటే నాన్న అడిగేవారు.

"వాసనొస్తోందా?"

"అబ్బే, ఏం రావట్లేదండీ" అనేది అమ్మ.

తరవాత పెరట్లోకి వచ్చి, పంపు దగ్గర నిలబడి, అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలేది. నేను అక్కడే పళ్ళు తోముకుంటూ చూసేదాన్ని. కొన్నాళ్ళకి నాన్న అడగడం మానేశారు. చర్చికి రావడమూ మానేశారు. పాస్టరుగారు ఇంటికొస్తే దుప్పటి గడ్డం దాకా లాక్కునేవారు. ఆ గదిలోనే పోయారు.

ఇదంతా లోపల ఉంది కాబట్టి మా ఆయనకి రక్తం సంగతి చెప్పడానికే నాకు చాలా రోజులు పట్టింది. విన్న మర్నాడే ఆయన సెలవు పెట్టి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కొలనోస్కోపీ చేశారు, బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చాక సర్జన్‌గారు కూర్చోబెట్టి చెప్పారు. "రెక్టమ్‌లో గ్రోత్ ఉందమ్మా. బాగా కిందికి ఉంది. ముందు రేడియేషన్, తరవాత సర్జరీ, ఆ తరవాత కీమో. కొలోస్టమీ తప్పదు, అంటే పొట్ట మీద దారి పెట్టి సంచి తగిలించడం. అది పర్మనెంట్."

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. నాన్న సంగతి చెప్పాను.

"మీ నాన్నగారి రోజులు వేరు, ఇప్పుడు వేరు. మీరు మళ్ళీ స్కూలుకి వెళ్తారు" అన్నారాయన.

తల ఊపాను. నమ్మలేదు.

రేడియేషన్ రోజుల గురించి రాయడానికి పెద్దగా లేదు. మల్కాజ్‌గిరి ఇంటి నుంచి ఆసుపత్రికి వెళ్ళడం, రావడం, పడుకోవడం. తరవాత సర్జరీ. కాస్త లేచి కూర్చున్నాక స్టోమా సిస్టర్ వచ్చి అన్నీ చూపించింది. పొట్ట మీద ఎర్రగా, తడిగా కనిపించే పేగు మూతి స్టోమా. దాని చుట్టూ చర్మానికి అంటించేది స్కిన్ బ్యారియర్, వార్డులో అందరూ ప్లేటు అంటారు. ఆ ప్లేటుకి తగిలించే సంచి పౌచ్.

"పౌచ్ మూడో వంతు నిండగానే ఖాళీ చేసుకోండి మేడమ్. ప్లేటు మాత్రం మూడు నాలుగు రోజులకోసారి మారిస్తే చాలు, అంటే వారానికి రెండుసార్లు. మంట గానీ, దురద గానీ, లీకు గానీ ఉంటే మాత్రం ఆగొద్దు, వెంటనే తీసెయ్యండి. ఊరికే రోజూ పీకితే స్కిన్ పోతది" అంది సిస్టర్.

నేను పిల్లలకి పాఠాలు చెప్పే మనిషిని. ఒకసారి వింటే గుర్తుంటుంది. బాగానే గుర్తుంది కూడా. ఇంటికొచ్చాక ఒక్క వారమైనా అలా చేస్తే ఒట్టు.

ఎందుకంటే, ఇంటికొచ్చిన కొద్ది రోజులకి, మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ వెనక గది వాసన వచ్చింది. పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. దూది, ఫినాయిలు, వాటి కింద ఇంకొకటి. చెయ్యి కడిగేసుకుని బాత్రూములోకి వెళ్ళి, ముందురోజే పెట్టుకున్న ప్లేటు పీకి కొత్తది అంటించుకున్నాను. మర్నాడు ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే మళ్ళీ అదే. ఆ మర్నాడు మా ఆయన పక్కన టీవీ ముందు కూర్చుంటే మళ్ళీ. వచ్చిన ప్రతిసారీ లేచి పీకడమే.

"ఏం వస్తలేదు సుగుణా, నిజంగ" అనేవారు మా ఆయన.

నేను ఆయన ముఖం చూసేదాన్ని. ముక్కుపుటాలు చూసేదాన్ని. ఆ మాట అని ఆయన వరండాలోకి వెళ్తే, కర్టెన్ పక్కన నిలబడి, ఊపిరి వదులుతున్నారేమోనని చెవి రిక్కించేదాన్ని. పాపం, ఆయన పేపరు తెచ్చుకోవడానికి వెళ్ళేవారు. నాకు మాత్రం ఆ పంపు దగ్గర అమ్మే కనిపించేది.

రోజూ పీకేసరికి చర్మం ఎర్రబడింది, తరవాత రసి కారడం మొదలైంది. తడి చర్మానికి ప్లేటు అంటుకోదు. అంటుకోకపోతే నిజంగానే లీకవుతుంది. లీకైతే మళ్ళీ మార్చాలి. మార్చేకొద్దీ పుండు. అలా తిరిగి తిరిగి ఒకరోజు చలిజ్వరం వచ్చింది. కీమో కోసం వెళ్తే సర్జన్‌గారు ప్లేటు తీసి చూశారు. ఆయన ముఖంలో మెత్తదనం పోయింది.

"ఏంటమ్మా ఇది? ఇన్ఫెక్షన్ ఉండగా నేను కీమో ఎక్కించలేను. ఇది తగ్గేదాకా ఆపాల్సిందే. మీకు ఆపడం మంచిది కాదు, తెలుసు కదా?"

తెలుసు. తిరుగు దారిలో ఆటోలో మా ఆయన మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను చచ్చిపోతే రొమ్ము బాదుకునేంత ప్రేమ ఉన్న మనిషి పక్కన కూర్చుని, ఆయన మాట ఒక్కటి నమ్మలేక చావు తెచ్చుకుంటున్నానని నాకప్పుడు తెలిసింది. తెలిసినా, ఇంటి గుమ్మం దాటగానే చెయ్యి ప్లేటు మీదికే పోయింది.

మా ఆయన అక్క సలోమి వదిన, భర్త పోయాక మా దగ్గరే ఉంటోంది. ఆవిడ నోటికి జడవని వాళ్ళు మా బంధువుల్లో లేరు. నేను కాపురానికొచ్చిన కొత్తలో పదిమంది ముందు నా పులుసు నోట్లో పెట్టుకుని, "గిన్నె కడిగిన నీళ్ళు పోసినవా పిల్లా?" అంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన ఆ రోజు బాత్రూము గడియ పెట్టడం మరిచిపోయాను. వదిన తలుపు తోసింది. నా పొట్ట చూసి అక్కడే ఆగిపోయింది.

"ఏందే ఇది? తోలంత ఊడింది గదనే! సిస్టరు జెప్పింది వారానికి రెండుసార్లని గద?"

"వాసనొస్తోంది వదినా."

"ఎవరు జెప్పిన్రు?"

"ఎవరూ చెప్పరు. మా నాన్నకీ ఎవరూ చెప్పలేదు."

అంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి, పంపు దగ్గర అమ్మ ఊపిరి వదలడం, ఆవిడకి చెప్పేశాను. వదిన స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీ అమ్మ మంచిది. నేను గంత మంచిదాన్ని గాదు. నన్నడుగు. ఒస్తే ఒస్తుందని అంట, రాకుంటే లేదని అంట. నేను లేదంటే నువ్వు దాని మీద చెయ్యి పెట్టొద్దు. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్నాను. వేరే దారి లేదు. ఆసుపత్రికి వెళ్ళి, పుండు మీద చల్లుకునే పౌడరు తెచ్చుకుని, కొత్త ప్లేటు సిస్టర్ చేతే పెట్టించుకున్నాం. ఆ మర్నాడే వెనక గది వాసన వచ్చింది. వదినని పిలిచాను. పాలు విరిగాయేమో చూసినట్టు వంగి, చప్పుడయ్యేలా పీల్చింది.

"లేదు. పో."

"సరిగ్గా చూడు వదినా."

"చూసిన. పరేషాన్ గాకు. పోయి ఉల్లిగడ్డలు కొయ్యి."

ఉల్లిపాయలు కోశాను. వాసన నా వెంటే వచ్చి నా పక్కనే కూర్చుంది. ప్లేటు మాత్రం పీకలేదు. అలా రోజుకి ఎన్నిసార్లు పిలిచేదాన్నో, ఆవిడ ఎన్నిసార్లు లేదనేదో. చర్మం మెల్లగా ఆరింది, జ్వరం తగ్గింది, కీమో మళ్ళీ మొదలైంది. అందరూ సంతోషించారు. నా మనసులో ఒక మూల మాత్రం, మా ఆయనే అక్కకి నేర్పించి ఉంటారు, అమ్మ నాన్నకి చెప్పినట్టే ఇద్దరూ కలిసి నాకూ అబద్ధం చెప్తున్నారు అని ఉండేది.

ఆపరేషన్ తరవాత మొదటిసారి చర్చికి బయల్దేరిన ఆదివారం. చీర కట్టుకున్నాను. గేటు ముందు ఆటో ఆగి ఉంది. అలవాటుగా వదిన వైపు తిరిగాను. ఆవిడ వంగి పీల్చింది.

"ఒస్తుంది. పో, మార్చుకొని రా."

"అక్కా!" అన్నారు మా ఆయన, ముఖం తెల్లబోయి. "గిప్పుడా చెప్పేది?"

"మరెప్పుడు చెప్పాలె? ఒస్తుంటే లేదనాల్నా?"

లోపలికెళ్ళి చూసుకున్నాను. పొట్ట మడత పడేచోట ప్లేటు అంచు లేచి, కింద కాస్త లీకయింది. బాత్రూములో కూర్చుని ఏడ్చాను. సిగ్గుతో మొదలైన ఏడుపే. మధ్యలో ఒక సంగతి తట్టింది. అయితే ఇన్ని వారాలూ ఈ మనిషి లేదన్నప్పుడల్లా నిజంగానే లేదు. ఏడుపు ఆగలేదు గానీ, గుండె మీద కూర్చున్నవాళ్ళెవరో లేచి వెళ్ళినట్టయింది. శుభ్రం చేసుకుని, కొత్తది పెట్టుకుని, ఆలస్యంగా వెళ్ళి చివరి బల్ల మీద కూర్చున్నాం.

ఇప్పుడు మళ్ళీ స్కూలుకి వెళ్తున్నాను. కీమో అయిపోయింది, స్కాన్‌లు ఇంతవరకూ బాగానే ఉన్నాయి. ప్లేటు వారానికి రెండుసార్లు మారుస్తాను, కాఫీ తాగకముందు, పేగు నుంచి ఏమీ రాని వేళ. ఆ వెనక గది వాసన ఇంకా వస్తుంది. నోట్సులు దిద్దుతుంటే, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, చెప్పాపెట్టకుండా వస్తుంది. పోతుందని నేనిప్పుడు అనుకోవడం లేదు. వేలితో అంచు తడుముకుంటాను. లేవలేదు, మంట లేదు, దురద లేదు అంటే అది బ్యాగు వాసన కాదు. కాసేపు నాన్న పక్కన కూర్చున్నట్టు కూర్చుంటాను. ప్లేటు పీకను.

బ్యాగు పెట్టుకున్నవాళ్ళకి ఎప్పుడు మార్చాలో సిస్టర్లే చెప్తారు, వాళ్ళ మాట వినండి. నేను చెప్పేది ఇంట్లోవాళ్ళకి. మీ మనిషి వాసనొస్తోందా అని అడిగితే, వస్తున్నప్పుడు వస్తోందనే చెప్పండి. మా అమ్మ ప్రేమతోనే లేదంది. నిజంగా రాని రోజులు కూడా నాన్నకి ఉండే ఉంటాయి. ఆ రోజుల్లో కూడా ఆయన నమ్మలేదు.