హెలెన్ రాసిన నీళ్ల సిలబస్

హెలెన్‌కి అసహ్యాలు ఎక్కువ. పెళ్లిళ్లలో అందరూ గ్లాసు ముంచుకునే డ్రమ్ములో నీళ్లు తాగదు. చెరుకు రసం బండి దగ్గర ఆగదు. స్టాఫ్ రూములో ఎవరి పుట్టినరోజైనా చేత్తో తుంచి కేకు ముక్క ఇస్తే నవ్వుతూ పుచ్చుకుని, కాగితంలో చుట్టి బ్యాగులో వేసేసుకుంటుంది. దీని మీద తోటి లెక్చరర్లు చాటుగా జోకులు వేసుకునేవారు. ఆమె పట్టించుకునేది కాదు.

ఆ అసహ్యం ఆమెకు చిన్నప్పుడే పట్టుకుంది. పుట్టింది కంకిపాడు అవతల ఒక పల్లెలో. ఇంటి వెనకే పంట కాలవ. గేదెలు దిగేదీ అందులోనే, బట్టలు ఉతికేదీ అందులోనే, పొద్దున్నే చెంబులు పట్టుకుని జనం వెళ్లేదీ దాని గట్టుకే. తల్లి శౌరమ్మ కడవ ముంచేదీ అందులోనే. ఏడో తరగతిలో హెలెన్‌కి టైఫాయిడ్ వచ్చింది. ఇది ఎట్లా వస్తుందండీ అని శౌరమ్మ అడిగితే, డాక్టరు చీటీ రాస్తూ తలెత్తకుండానే చెప్పాడు.

"ఒకళ్ల దొడ్డి ఇంకొకళ్ల నోట్లోకి పోతే వస్తుందమ్మా. నీళ్లు కాచి తాగండి."

మంచం మీద పడుకున్న పిల్ల ఆ మాట విని, కడుపులో ఏమీ లేకపోయినా వాంతి చేసుకుంది. తర్వాత డిగ్రీలోనూ పీజీలోనూ మైక్రోబయాలజీ తీసుకుంది. అందరూ సీటు దొరక్క తీసుకున్నామని చెప్పుకునే సబ్జెక్టు అది. ఆమె కోరి తీసుకుంది.

ఇప్పుడు ఆమెకు నలభై ఆరేళ్లు. బెజవాడ దాటాక రోడ్డు పక్కనున్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఇల్లు గుణదలలో. భర్త పాల్ రైల్వే షెడ్డులో టెక్నీషియన్.

కాలేజీకి అటానమస్ హోదా వచ్చాక సిలబస్ తామే రాసుకునే వీలు కలిగింది. లెక్చరరు రాసినదాన్ని బోర్డ్ ఆఫ్ స్టడీస్ అనే కమిటీ చూసి ఒప్పుకోవాలి. ఆపైన అకడమిక్ కౌన్సిల్ ముద్ర వేస్తే పాఠమవుతుంది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన ఏడాది, వరద తీశాక కాలేజీకి తిరిగొచ్చిన పిల్లలు చెప్పిన సంగతులు హెలెన్‌ని వదల్లేదు. మురుగు నీళ్లు మంచాల ఎత్తున నిలిచాయి. అవి పోయాక కుళాయి తిప్పితే అదే వాసన. ఆ నీళ్లలో ఏముందని క్లాసులో అడిగితే, ఫైనలియర్ మైక్రోబయాలజీ పిల్లలు ఒక్కరూ చెప్పలేకపోయారు. జర్మనీలో ఎవరు ఏ క్రిమిని కనిపెట్టారో మాత్రం గడగడా చెప్పారు.

హెడ్ రామకోటేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లి, తాగునీరు, మురుగునీరు మీద ఒక కొత్త కోర్సు పెడదామని అడిగింది. ఆయన వెంటనే సరేనన్నాడు. ఆ ఏడాది కొత్త కోర్సులు పెట్టకపోతే కాలేజీ గ్రేడు తగ్గుతుందని మేనేజ్‌మెంటు ఆయన వెనక పడుతోంది.

"రాసెయ్యండి హెలెన్ గారూ. నెట్‌లో బోలెడు ఉంటాయి. రెండు మూడు కలిపి ఒకటి చేసెయ్యండి, ఒక్క పూట పని."

ఆమె ఎండాకాలం సెలవులన్నీ దాని మీదే కూర్చుంది. మొదటి యూనిట్‌లో కృష్ణ నీళ్లు కాలవల్లోంచి కుళాయిదాకా వచ్చే దారి రాసింది. రెండో దాంట్లో దారిలో అందులో ఏమేం కలుస్తాయో రాసింది. పరీక్ష చెయ్యడం, శుభ్రం చెయ్యడం తర్వాత వచ్చాయి. ఆఖరి యూనిట్ మన ఊరి డ్రైనేజీ మీద. పైపు ఎక్కడ పగిలితే ఎవర్ని అడగాలి, ఎలా అడగాలి అన్నది కూడా అందులో ఉంది. ప్రాక్టికల్స్‌కి పిల్లలు ఎవరింటి నీళ్లు వాళ్లు తెచ్చుకుని పరీక్ష చెయ్యాలి. చిన్న సీసాలో మందు రాసిన కాగితం ముక్క ఉంటుంది. నీళ్లు పోసి ఒకట్రెండు రోజులు వెచ్చటి చోట ఉంచాలి. మలం కలిసిన నీళ్లయితే సీసా నల్లగా మారి, కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది.

కాలేజీ తెరిచాక, బోర్డు కూర్చునేలోపు, ప్రాక్టికల్ ఒకసారి చేయించి చూద్దామనుకుని పిల్లలకి సీసాలు పంచింది. రెండు మూడు రోజులకి ఇళ్ల నుంచి తెచ్చినవాటిలో కొన్ని నల్లబడ్డాయి, కొన్ని పడలేదు. హాస్టల్లో ఉండే పిల్లలు తెచ్చినవి మాత్రం అన్నీ నల్లబడ్డాయి.

"మేము తాగేవే మేడమ్ ఇవి," అంది అక్షయ. చల్లపల్లి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల. "పోయిన నెల్లో మా రూములో ఇద్దరికి కామెర్లయితే బయట పానీపూరీ తిన్నారని వార్డెన్ గారు తిట్టారు."

హెలెన్ తనే వెళ్లి హాస్టల్ కుళాయి దగ్గరా, సంపు దగ్గరా, ఆఫీసు బిల్డింగులో కూలర్ దగ్గరా నీళ్లు పట్టి మళ్లీ పరీక్ష చేసింది. అన్నీ నల్లబడ్డాయి. ఆ కూలర్ నీళ్లు తను కూడా ఎప్పుడో ఒకసారి తాగే ఉంటుందన్న తలంపు రాగానే బాత్రూములోకి వెళ్లి చాలాసేపు నోరు పుక్కిలించింది.

రామకోటేశ్వరరావు గారు ట్రేలో సీసాల్ని చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"బోర్డు అయిపోనివ్వండమ్మా. ఇప్పుడివన్నీ కదిలిస్తే లేనిపోని గొడవ."

"పిల్లలు తాగుతున్నారు సార్."

"రేపే కదా మీటింగు. ఒక్క రోజులో ఏమైపోతుంది?"

మర్నాడు బోర్డు కూర్చుంది. యూనివర్సిటీ తరఫున ప్రొఫెసర్ హర్షవర్ధన్ గారు వచ్చారు. పరిశ్రమ తరఫున సురేష్ గారు. ఆయనకి వాటర్ ప్లాంటు ఉంది, కరెస్పాండెంటు గారికి బంధువు, ఆఫీసుకి నీళ్ల క్యాన్లు వేసేదీ ఆయనే. క్యాన్లు ఖాళీ అయినప్పుడు ఆ కూలర్‌ని సంపు నీళ్లతో నింపుతారని తర్వాత తెలిసింది. హెలెన్ సీసాల ట్రే మీద గుడ్డ కప్పి గోడ పక్కన బల్ల మీద పెట్టింది.

హర్షవర్ధన్ గారు సిలబస్ తెరిచి, మొదటి పేజీలోనే ఆగారు.

"మేడమ్, ఈ మలం, దొడ్డి అనే మాటలు సిలబస్‌లో బాగోవండి. అకడమిక్‌గా లేదు. జీవ సంబంధ కాలుష్యం అనండి."

"నీళ్లల్లో ఉండేది అదే కదండీ సార్. పిల్లలకి తెలియొద్దా?"

"తెలుస్తుందిలెండి. మన భాష మర్యాదగా ఉండాలి."

తర్వాత కోర్సు లక్ష్యాల కింద రాసిన వాక్యాలు ఏ క్రియతో ముగియాలన్న దాని మీద చర్చ నడిచింది. 'తెలుసుకుంటారు' అనకూడదట, 'విశ్లేషిస్తారు' అనాలట. కోర్సు కోడ్‌లో అంకె ముందుండాలా అక్షరం ముందుండాలా అని ఇంకొంతసేపు. యూనిట్లలో ఏముందో అడిగినవాళ్లు లేరు. ఆఖరి యూనిట్ దగ్గర సురేష్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఈ డ్రైనేజీ గోల మన పిల్లలకెందుకండీ. ఉద్యోగాలు రావాలి కదా. దీని బదులు వాటర్ ప్లాంటు పెట్టడం ఎలా అని ఒక యూనిట్ వేయించండి. మెషీన్లూ, లైసెన్సూ, మార్కెటింగూ. క్లాసు నేనొచ్చి చెబుతా."

"బాగుంది. స్కిల్ ఓరియెంటెడ్‌గా ఉంటుంది," అన్నారు హర్షవర్ధన్ గారు.

"ఇళ్ల నుంచి నీళ్లు తేవడం కూడా తీసేద్దామండి," అన్నాడు రామకోటేశ్వరరావు గారు, హెలెన్ వైపు చూడకుండా. "తల్లిదండ్రులు ఏమనుకుంటారో. ప్రాక్టికల్ బదులు సురేష్ గారి ప్లాంటుకి ఒక విజిట్, ఒక రిపోర్టు."

హెలెన్ లేచి ట్రే తెచ్చి బల్ల మధ్యలో పెట్టి గుడ్డ తీసింది. అదే సమయానికి అటెండరు బిర్యానీ పార్శిళ్లు పట్టుకొచ్చాడు. సురేష్ గారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"తినేముందు ఇవేంటండీ," అన్నారు హర్షవర్ధన్ గారు.

"మన హాస్టల్ నీళ్లు సార్. మూడొందల మంది ఆడపిల్లలు తాగుతున్నారు. ఈ చివరిది ఆఫీసు వరండాలో కూలర్‌ది. మీ ముందు గ్లాసుల్లో ఉన్నవి అవే."

హర్షవర్ధన్ గారి గ్లాసు సగం ఖాళీగా ఉంది. ఆయన దాన్ని వేలితో మెల్లిగా దూరం జరిపారు. ఆ పిల్లల సంగతి ఇప్పుడైనా అడుగుతారు, ఇప్పుడు అడుగుతారు అని హెలెన్ ఎదురుచూసింది. రామకోటేశ్వరరావు గారు అటెండర్ని పిలిచాడు.

"ఈ గ్లాసులు తీసెయ్. బయట షాపులో సీలు బాటిళ్లు పట్రా. ఇవి కూడా తీసుకెళ్లు."

ట్రే వెళ్లిపోయింది. సీలు బాటిళ్లు వచ్చాయి. ఎవరి బాటిలు వాళ్లు మూత కరకరమనిపించి తిప్పుకున్నారు. చేతులు కూడా ఆ నీళ్లతోనే కడుక్కున్నారు. బిర్యానీ పొట్లాలు విప్పుకుని, ఈ షాపువాడు ఈ మధ్య మసాలా తగ్గించాడనీ, గవర్నర్‌పేటలో ఫలానా చోట బాగుంటుందనీ మాట్లాడుకున్నారు. ఎముకలు పక్కన పెట్టుకుంటూనే సిలబస్ మార్పులన్నీ ఆమోదించారు. హాస్టల్ అన్న మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు.

హెలెన్‌కి టైఫాయిడ్ మంచం గుర్తొచ్చింది. అప్పుడు నీళ్ల మీద అసహ్యం. ఇప్పుడు ఎదురుగా నూనె వేళ్లు నాకుతున్నవాళ్ల మీద. కొత్త సీసా తెప్పించుకుని తాగుతున్న ఆ గొంతుల కదలిక ఆమె చూడలేకపోయింది. సంతకానికి కాగితం ఆమె ముందుకొస్తే పెన్ను తియ్యలేదు.

"నేను పెట్టను సార్."

"మీరు పెట్టకపోయినా కోరం ఉంది," అన్నాడు రామకోటేశ్వరరావు గారు.

ఆమె లేచి తిన్నగా హాస్టల్‌కి నడిచింది. భోజనాల హాల్లో అమ్మాయిలందర్నీ కూర్చోబెట్టి, ఈ నీళ్లల్లో ఏముందో, మర్యాద పదాలేమీ లేకుండా, డాక్టరు తన తల్లితో చెప్పినట్టే చెప్పింది. వార్డెన్ అడ్డొచ్చేలోపు సగం మంది ఇళ్లకి ఫోన్లు చేశారు. సాయంత్రానికి అక్షయ నాన్నతో పాటు పాతికమంది తల్లిదండ్రులు గేటు ముందున్నారు. కంగారులో మేనేజ్‌మెంటువాళ్లు సంపు తోడించారు. దాని గోడకీ, పక్కనున్న సెప్టిక్ ట్యాంకు గోడకీ మధ్య జానెడు మట్టి ఉంది. రెండు గోడలూ పగిలి ఉన్నాయి. అడుగున పేరుకున్న ముద్దని కూలీలు బక్కెట్లతో పైకి తీస్తుంటే ఆ కంపుకి గేటు దగ్గర నిలబడ్డవాళ్లు దూరం జరిగారు. హెలెన్ జరగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని ఆఖరిదాకా చూసింది.

కొత్త సంపు కట్టారు. హెలెన్‌కి మెమో ఇచ్చారు, సంస్థ పరువు తీసిందని. ఆమె ఒక్క వాక్యంలో జవాబు రాసింది: నీళ్లు పరీక్ష చెయ్యడం నా సబ్జెక్టు.

"ఉద్యోగం తీసేస్తే?" అని పాల్ అడిగాడు ఇంట్లో.

"తియ్యరండీ. తీస్తే ఎందుకు తీశారో నేను చెప్పాల్సొస్తుంది."

అలాగే జరిగింది. తియ్యలేదు, ఇంక్రిమెంటు ఆపారు. కోర్సు అకడమిక్ కౌన్సిల్‌లో మరో పదహారు కోర్సులతో కలిపి ఒక్క ఊపులో పాసైంది. మినిట్స్‌లో 'సభ్యులందరూ ఏకగ్రీవంగా' అని పడింది. సిలబస్ రూపొందించినవారి పేరు దగ్గర హర్షవర్ధన్ గారిది మొదట, సురేష్ గారిది తర్వాత ఉన్నాయి. తన పేరు లేనందుకు ఆమె బాధపడలేదు. ఉంటే ఆ కాగితం ముట్టుకోవడానికి కూడా మనసొప్పేది కాదు.

చెప్పడానికి మాత్రం ఆమెనే వేశారు, వేరే ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి. ప్లాంటు పెట్టడం ఎలా అన్న యూనిట్ సురేష్ గారు వచ్చి చెబుతారు, వెళ్లేటప్పుడు పిల్లలకి తన కంపెనీ టోపీలు పంచుతారు. నీళ్ల పరీక్ష శనివారం మధ్యాహ్నం ల్యాబ్‌లో నేర్పుతానని హెలెన్ నోటీసు పెట్టింది. మొదటి వారం ల్యాబ్ నిండింది. దీనికి మార్కులు లేవని తెలిశాక నలుగురు మిగిలారు. అక్షయ కూడా మానేసింది, బ్యాంకు కోచింగ్‌లో చేరానని చెప్పి. హెలెన్‌కి ఆ పిల్ల మీద కూడా కొంచెం అసహ్యం వేసింది, పైకి అనలేదు.

కార్తీకంలో ఒక శనివారం రామకోటేశ్వరరావు గారు ల్యాబ్ తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మూత బిగించిన సీసా.

"మా మనవరాలికి వారం నుంచీ విరేచనాలమ్మా. అపార్టుమెంటు నీళ్ల మీద అనుమానంగా ఉంది. మీరొకసారి చూస్తారేమోనని..." గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పకండి. మావాళ్లు ఆ ఫ్లాటు అమ్మకానికి పెట్టారు."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. నిజంగానే భయపడి ఉన్నాడు. పాప పేరడిగింది, వయసడిగింది, ఏం తాగిస్తున్నారో అడిగింది. కాచి చల్లార్చిన నీళ్లే పట్టండి, ఓఆర్ఎస్ మానొద్దు, ఇవాళే డాక్టరుకి చూపించండి అని చెప్పింది. చేతులకి గ్లోవ్స్ వేసుకుని సీసా అందుకుంది.

"పరీక్ష చేస్తాను సార్. నీళ్లు బాగోలేదని తేలితే మాత్రం కింద వాచ్‌మన్ నుంచి పై అంతస్తుదాకా అందరికీ చెబుతాను. అలాగైతేనే ఇక్కడ పెట్టి వెళ్లండి."

ఆయన బల్ల దగ్గరున్న పిల్లల వైపు ఒకసారి చూశాడు. తర్వాత చెయ్యి చాపి ఆ సీసా వెనక్కి తీసేసుకున్నాడు. కవర్లో పెట్టుకుని, బయట ఏదన్నా ప్రైవేటు ల్యాబ్‌లో చూపిస్తానని గొణుక్కుంటూ మెట్లు దిగిపోయాడు.

హెలెన్ గ్లోవ్స్ విప్పి చెత్తబుట్టలో పడేసి, సబ్బుతో మోచేతులదాకా కడుక్కుంది. ఆ నలుగురు పిల్లలూ బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకమ్మాయి ఆయన ఫ్లాటు ఎక్కడని అడిగింది. హెలెన్ అపార్టుమెంటు పేరు చెప్పింది. మా పిన్ని వాళ్లుండేదీ అందులోనే మేడమ్, ఒక సీసాలో నీళ్లు పట్టి ఉంచమంటాను అంది ఆ అమ్మాయి, ఫోన్ తీస్తూ.