నిలబెట్టి కుట్టిన కారు

బిగింపు మామ దృష్టిలో లోకంలో రెండే రకాల వస్తువులు: బిగించినవి, బిగించాల్సినవి. ముప్ఫై ఏళ్లుగా కార్ల షెడ్డు నడుపుతూ కార్లు బాగుచేసిన మనిషి కాబట్టి ఆ పేరు రావడంలో వింత లేదు. కానీ షెడ్డు బయట కూడా ఆయన చెయ్యి ఊరుకోదు. తన పెళ్లినాడు ఫొటోగ్రాఫరు స్టాండు ఊగుతోందని లేచి వెళ్లాడట. దాన్ని బిగించి తిరిగొచ్చేలోపు ఫొటో తీసేశారు. ఈనాటికీ ఆ ఫొటోలో పెళ్లికూతురు ఒక్కతే నవ్వుతూ ఉంటుంది. పక్కన ఖాళీ కుర్చీ. పన్ను కదులుతోందని డాక్టరు దగ్గరికి వెళ్లి, "పీకడం దేనికండీ, ఓ చుట్టు బిగించెయ్యండి" అన్నాడని కూడా చెబుతారు. ఇందులో నిజమెంతో మీరే లెక్క వేసుకోండి.

ఎవరింటికి వెళ్లినా సరే, కుర్చీ కిర్రుమంటే చాలు. "లే, లే, ఒక్క నిమిషం" అని కూర్చున్నవాళ్లని లేపేసి, కుర్చీని తలకిందులు చేసి, జేబులోంచి స్పానర్ తీస్తాడు. ఏ వస్తువునైనా ముందు తిరగేయాలి, తర్వాత బిగించాలి. అదే ఆయన పద్ధతి.

అలాంటి మామ దగ్గరికి గురువారం సాయంత్రం మేనకోడలు కారేసుకుని వచ్చింది. పగలు కళ్లజోళ్ల దుకాణంలో పని, సెలవు రోజు కారు పందెం. అదీ ఆ పిల్ల జీవితం. కారు మాత్రం ఆమె కన్నా రెండేళ్లు పెద్దది. ఖాళీ గోదాముల ఆవరణలో ఎర్ర కోన్ల మధ్య మెలికలు తిరిగి అరవై సెకన్లలోపు గీత దాటినవాళ్లకే కొండదారి పోటీలో చోటు. మూడు అవకాశాలు ఇస్తారు. మొదటిసారి అరవై రెండు పట్టింది, రెండోసారి అరవై ఒకటిన్నర. మూడోది ఆదివారం. అది కూడా పోతే ఈ ఏడాదికి కొండ లేదు.

"మలుపు తిప్పితే ముందు భాగం వెంటనే వింటోంది మామయ్యా. వెనక భాగం కాస్త ఆలోచించుకుని వస్తోంది" అంది దిగులుగా.

మామ కళ్లు మెరిశాయి. అగ్గిపెట్టెలోంచి పుల్లలుండే అర లాగి, రెండు కొసలూ పట్టుకుని మెలిపెట్టాడు. అది వంకర పోయింది. దాని అడుగున రెండు పుల్లలు ఏటవాలుగా ఒకదాని మీదుగా ఒకటి అంటించి, ఆరాక మళ్లీ మెలిపెట్టాడు. ఈసారి అది కదల్లేదు.

"నీ కారు ఈ అర లాంటిదే అమ్మడూ. పాత ఒళ్లు కదా, మలుపులో మెలిక పడుతోంది. అది మెలిక పడితే పాపం చక్రాలకి ఎవరి మాట వినాలో తెలియదు. పొట్ట కింద ఇనప పట్టీలు వేద్దాం. ఆదివారం వెనక భాగం ముందు భాగం వెంటే పాములా తిరగాలి."

"పాము కూడా మెలిక పడుతుంది కదా మామయ్యా."

"ఎదురు మాట్లాడకు. ఆ టేపు అందుకో."

శుక్రవారమంతా కోత, వంపు, వెల్డింగు. శనివారం పొద్దున కారుని లిఫ్టుతో తలపైకి ఎత్తి, రెండు ఏటవాలు పట్టీలూ, వెనక చక్రాల దగ్గర ఒక అడ్డ పట్టీ పెట్టి, ఎనిమిది బోల్టులూ బిగించాడు. సరిపడా బిగియగానే టక్కుమనే కొలత స్పానర్ ఎనిమిదిసార్లు మోగింది. ఆ చప్పుడు మామకి సంగీతం.

మేనకోడలు వీధి చివరిదాకా వెళ్లొచ్చింది. దిగి తలుపు పట్టుకుంది.

"స్టీరింగు వదిలితే ఎడమకి లాగేస్తోంది. ఇటు చూడు, తలుపు కూడా పడట్లేదు."

మామ తలుపు వేసి చూశాడు. నిన్నటిదాకా హాయిగా పడ్డ తలుపు అంచుకి తగిలి వెనక్కొచ్చింది. పట్టీలు మళ్లీ కొలిచాడు. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి, ఆయన బిగించింది ఆయన మీదే తిరగబడింది. ఆదివారానికి ఇంకా ఒక్క రోజే ఉంది.

తోచక అక్క దగ్గరికి నడిచాడు. మేనకోడలి తల్లి దర్జీ. ముందు గదిలో ఒక కండక్టరుని బల్ల మీద నిలబెట్టి, ప్యాంటు అంచుకి గుండుసూదులు గుచ్చుతోంది.

"బూట్లు వేసుకుని నిలబడండి. టికెట్ల సంచీ కూడా తగిలించుకోండి."

"సంచీ దేనికమ్మా, ప్యాంటుకి?"

"అది భుజాన పడితే మీ నడుం ఒక పక్కకి దిగుతుంది. ప్యాంటు కుట్టేది మీకు, కొక్కేనికి కాదు."

మామ గోడకి చేరగిలబడి తన గోడు వెళ్లబోసుకున్నాడు. అక్క నోట్లో సూదులతోనే విని, అవన్నీ తీసి అడిగింది.

"కారుని పైకెత్తి బిగించావా?"

"ఎత్తకుండా కిందకెలా దూరతానక్కా?"

"పైకెత్తితే చక్రాలు ఎక్కడుంటాయి?"

"వేలాడుతుంటాయి."

"పాత ఒళ్లు అంటున్నావు, మధ్యలో పట్టుకుని ఎత్తావు. ముందూ వెనకా కిందికి జారవూ? కొక్కేనికి తగిలించి కుట్టేశావురా తమ్ముడూ. ఇప్పుడు దాన్ని నిలబడమంటే ఎలా నిలబడుతుంది?"

కండక్టరు ఫక్కున నవ్వాడు. మామ మాత్రం నవ్వలేదు. అప్పటికే వీధిలో పరిగెడుతున్నాడు. వెనకాలే అక్క, మణికట్టుకి సూదుల దిండుతో. కండక్టరు బల్ల మీదే ఉండిపోయాడు.

షెడ్డు మూలన, కారు కింద దిగి పని చేసుకునే గొయ్యి ఒకటి ఏళ్లుగా పాత టైర్లతో నిండిపోయి ఉంది. అవి బయటికి విసిరి, దాని మీదికి కారుని నడిపించారు. గొయ్యికి అటూ ఇటూ నాలుగు చక్రాలూ నేల మీద ఉన్నాయి. మామ గోతిలోకి దిగి కేక వేశాడు.

"అమ్మడూ, ఎక్కి కూర్చో. హెల్మెట్ పెట్టుకో."

"ఆగి ఉన్న కారులో హెల్మెట్ ఎందుకు మామయ్యా?"

"కండక్టరు సంచీ ఎందుకో అందుకే."

మొదటి బోల్టు వదులు చేశాడు. కారు కడుపులోంచి ఠంగుమని చప్పుడు. పట్టీ కొస గోరు మందం జరిగింది. రెండో బోల్టుకి ఇంకో ఠంగు. ఎనిమిదీ వదులయ్యేసరికి, పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరి వదిలినట్టు బండి తన ఒళ్లు తాను సర్దుకుంది. పైన తలుపు దానంతటదే చిన్నగా కదిలింది. మామ కొలత స్పానర్ అందుకున్నాడు.

"ఆగరా," అంది అక్క గోతిలోకి తొంగిచూస్తూ. "ముందు అన్నిచోట్లా కచ్చా కుట్టు వెయ్యి. వేళ్లతో తిప్పు చాలు. సరిపోయిందో లేదో చూసుకుని, అప్పుడు గట్టి కుట్టు."

"షెడ్డు నీదా నాదా?"

"షెడ్డు నీదే. కూతురు నాది."

మామ ఎనిమిది బోల్టులూ వేళ్లతో తిప్పాడు. తర్వాత ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి చొప్పున కొలత స్పానర్‌తో బిగించాడు. పైకొచ్చి తలుపుని ఒక్క వేలితో తోశాడు. మెత్తగా పడింది.

ఆదివారం పొద్దున గోదాముల ఆవరణలో గీత పక్కన మడతకుర్చీ వేసుకుని, స్టాప్‌వాచీతో గడియారం మాస్టారు కూర్చున్నారు. ఒకప్పుడు బడిలో ఆటల మాస్టారు. అర సెకను కూడా దానం చేసే మనిషి కాదు.

జెండా పడింది. మొదటి కోను దగ్గర కారు ఎడమకి తిరిగింది, తిరుగుతూనే కుడికి వచ్చింది. ముందు భాగం ఎటో వెనక భాగమూ అటే, మధ్యలో ఆలోచన లేదు. మామ పిడికిళ్లు బిగించాడు. అక్క రెండు చేతులతో కళ్లు మూసుకుని, వేళ్ల సందుల్లోంచి అంతా చూస్తోంది. ఏడో కోను చిట్టచివరి మలుపు. రెండుసార్లూ అక్కడే వెనక చక్రాలు పక్కకి జారాయి. ఈసారి టైర్లు ఒక్కసారి కీచుమన్నాయి, అంతే. దారం సూదిలో దూరినట్టు కారు కోన్ల మధ్య నుంచి దూసుకొచ్చి గీత దాటింది.

మాస్టారు వాచీ చూసుకున్నారు. దులిపి మళ్లీ చూసుకున్నారు.

"యాభై ఎనిమిది, పైన మూడు పదోవంతులు."

మేనకోడలు హెల్మెట్‌తోనే వచ్చి తల్లిని కావలించుకుంది. హెల్మెట్ తగిలి అక్క నుదురు బొప్పి కట్టింది. అదేం ఆమెకి పట్టలేదు.

"ఏం చేశావయ్యా ఆ డొక్కు బండికి?" అడిగారు మాస్టారు.

"నేనేం చెయ్యలేదండీ. మా అక్క కుట్టింది."

మాస్టారు అర్థం కాక ముందుకి వంగారు. మడతకుర్చీ కిర్రుమంది. మామ చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి స్పానర్ తీసింది. అలవాటు తెలిసిన మాస్టారు నిట్టూర్చి లేవబోయారు.

"లేవకండి, లేవకండి" అన్నాడు మామ, అప్పటికే నేల మీద వెల్లకిలా పడుకుని కుర్చీ కిందికి తల దూరుస్తూ. "వాచీ కూడా చేతిలోనే ఉంచుకోండి."