ముందు సీటు ముల్లంగి

కోప్ అక్క మా రేవులో వేడిగా ఏదైనా తినడం నేనెప్పుడూ చూడలేదు. తకువా పా నుంచి వ్యాను నిండా తెల్లవాళ్ళను ఎక్కించుకుని పొద్దున్నే రనోంగ్ చేరుతుంది. వాళ్ళ పాస్‌పోర్టుల్లో దేశం వదిలిన ముద్ర వేయించి, పడవెక్కించి, అవతలి గట్టున ఉన్న బర్మాకు పంపిస్తుంది. అక్కడ దిగినట్టు ఒక ముద్ర, బయల్దేరినట్టు ఒక ముద్ర. తిరిగొచ్చాక ఇక్కడ మళ్ళీ లోపలికి వచ్చిన ముద్ర. అంతే, వీసా లేకుండానే ఇంకొన్నాళ్ళు మా దేశంలో ఉండిపోవచ్చు. ఆ గడువు తీరేసరికి మళ్ళీ అక్క వ్యాను, మళ్ళీ పడవ.

పడవ వెళ్ళి వచ్చేదాకా అక్క నా కొట్టు ముందు బల్ల మీద కూర్చుంటుంది. కొబ్బరీ నువ్వులూ కలిపిన పిండిలో ముంచి వేయించిన అరటిపండు ముక్కలు మూకుట్లోంచి తీసి నేరుగా ఆమె ప్లేటులో పెడతాను. ముట్టదు. కళ్ళు నీళ్ళ మీదే ఉంటాయి. పడవ తిరిగొచ్చి, తన మనుషులంతా ముద్ర వేయించుకుని ఇవతలికి వచ్చి, తలల లెక్క సరిపోయాక అప్పుడు తింటుంది. అప్పటికి ఆ ముక్కలు చల్లారి తోలులా సాగుతుంటాయి. వేయించినదాన్ని నేను, నాకు ఒళ్ళు మండదా?

"వేడిగా ఉన్నప్పుడు తింటే నీ సొమ్మేం పోయిందక్కా?" అంటాను.

"తీసుకొచ్చినవాళ్ళని వెనక్కి తీసుకెళ్తానన్న ధైర్యం చిక్కాలే. అందాకా నాకు ముద్ద దిగదు. నీ బజ్జీలెక్కడికీ పారిపోవుగా."

కోప్ అంటే కప్ప. పుట్టినప్పుడు ఈసురోమంటూ ఉందట. ముద్దొచ్చే పేరు పెడితే దయ్యాల కన్ను పడుతుందని వాళ్ళమ్మ కప్ప అని పిలిచింది. మా వైపు అందరివీ ఇలాంటి పేర్లే. నన్ను నూ అంటారు, అంటే ఎలుక. భిక్షువులను అడిగి పెట్టిన పొడుగాటి అసలు పేరు ప్రతివాళ్ళకీ ఒకటుంటుంది కానీ, దానితో పని పడేది ఆస్పత్రిలోనూ మండలాఫీసులోనూ మాత్రమే. పక్కింట్లో పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయి పెళ్ళిళ్ళయినా వాళ్ళ అసలు పేర్లు మనకు తెలియవు. అడగాలని తోచదు కూడా. కప్ప అని పేరు పెట్టబట్టే మనుషుల్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు గెంతిస్తోందని నేను అక్కను ఏడిపిస్తుంటాను.

ఆ వ్యాను ఆమె భర్తది. ఆయన పోయాక ఊళ్ళో పెద్దమనుషులు అమ్మేయమని సలహా ఇవ్వడానికి వచ్చారు. వాళ్ళు కాఫీలు తాగి కప్పులు కింద పెట్టేలోగా అక్క వ్యాను బయటికి తీసింది. అప్పటి నుంచీ స్టీరింగు ఆమె చేతిలోనే ఉంది.

ఎక్కినవాళ్ళకు పేర్లు కూడా అక్కే పెడుతుంది. వాళ్ళ అసలు పేర్లకు ఆమె నోరు తిరగదు, ఈమె పేరుకు వాళ్ళ నోరు తిరగదు. సముద్రంలో మునగడం నేర్పేవాడు చేప. యోగా నేర్పే సన్నపాటి ఆవిడ తీగ. ముందు సీటులో కూర్చునే పొడుగాటి తెల్లటి ముసలాయన, నెత్తి మీద పిలక ఒక్కటే నిక్కబొడుచుకుని ఉంటుంది కాబట్టి, ముల్లంగి.

ముల్లంగి ఒకప్పుడు ఓడల్లో ఇంజన్లు బాగుచేసేవాడట. సెలవలకని వచ్చి, అక్క ఇంటి వెనక గది అద్దెకు తీసుకుని, మళ్ళీ వెళ్ళలేదు. ఒకసారి ఘాటు రోడ్డు మీద వ్యాను ఆగిపోతే, వానలో దాని కిందికి దూరి నడిపించాడు. ముందు సీటు ఆరోజు నుంచి ఆయనది. నోట్లో నాలుక లేని మనిషి. అక్కకేమో ఉన్నదంతా నాలుకే.

"ఏమోయ్ ముల్లంగీ, టోపీ ఏది? ఎండలో ఉడికిపోతే నిన్ను నంజుకునేవాళ్ళు కూడా ఉండరు."

ఆయన మాట్లాడకుండా టోపీ పెట్టుకుంటాడు. వానొస్తే గొడుగు మొత్తం అక్క మీదికి పెట్టి తను సగం తడుస్తాడు. రనోంగ్‌లో ఏడాదిలో ముప్పాతిక భాగం వానే కాబట్టి, ఆయన ఆరిన చొక్కాతో ఉండగా చూసింది తక్కువ.

"ఏంటక్కా సంగతి?" అన్నాను ఒకసారి.

"సంగతేంటే? అద్దెకున్నాడు."

"అద్దెకున్నవాడికి చేపలో ముళ్ళు తీసి పెడతారా ఎవరైనా?"

"గొంతులో గుచ్చుకుంటే ఆస్పత్రికి మోసుకెళ్ళాల్సింది నేనేగా," అని ముఖం నీళ్ళవైపు తిప్పేసుకుంది.

ఒక ఏడాది వానాకాలంలో కబురు మొదలైంది, మాటిమాటికీ గట్టు దాటి వచ్చేవాళ్ళను ఇక రానివ్వరని. తీగ ఆ భయంతోనే వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. ముల్లంగికి వెళ్ళడానికి చోటు లేదు. వాళ్ళ దేశంలో ఆయన కోసం మిగిలింది చలి ఒక్కటేనని అక్కే ఓసారి చెప్పింది. ముసలివాళ్ళకు ఇచ్చే వీసా ఒకటుంది కానీ, దానికి బ్యాంకులో చూపించాల్సినంత డబ్బు ఆయన దగ్గర లేదు. ఆయనకున్నవి ఆ వెనక గది, ముందు సీటు.

భయపడ్డ రోజు రానే వచ్చింది. పడవ తిరిగొచ్చింది. చేప ముద్ర వేయించుకుని వచ్చాడు, మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వచ్చారు. ముల్లంగి మాత్రం ముద్రలు వేసే కౌంటరు దగ్గరే నిలబడిపోయాడు. కౌంటరు నా కొట్టుకు ఎదురుగానే ఉంటుంది, ప్రతి మాటా వినబడుతుంది. ఆఫీసరు కొత్తగా వచ్చినవాడు, వయసు తక్కువ, మాట మెత్తన.

"ఏ పేజీ తిప్పినా ఈ రేవు ముద్రే ఉందండీ. మీరు చూసిపోవడానికి వచ్చినట్టు లేదు, కాపురమే పెట్టినట్టున్నారు. ఇల్లెక్కడ?"

ముల్లంగి 'దగ్గరే' అనబోయాడు. మా భాషలో దగ్గరకూ దూరానికీ మాట ఇంచుమించు ఒకటే, పలికే రాగంలోనే తేడా. ఆయన రాగం ఎప్పటిలాగే జారింది. "దూరం," అన్నాడు.

"దూరమైతే అక్కడికే వెళ్ళి, పద్ధతిగా వీసా తెచ్చుకోండి."

"కాదు. దూరం, దూరం," అని మా రోడ్డు వైపు చెయ్యి చూపించాడు పాపం. "కోప్ ఇల్లు."

"ఏ కోప్? మా వీధి నిండా కోప్‌లే. ఆవిడ అసలు పేరు చెప్పండి."

ముల్లంగి ఇన్నేళ్ళు ఆ ఇంట్లో అన్నం తిన్నాడు, ఆ పేరు ఆయనకు తెలియదు. ఇప్పుడు వెనక్కి పంపితే అవతలి గట్టువాళ్ళు కూడా పూట మించి ఉండనివ్వరు. అటు నుంచి అటే ఆ చలి దేశం పోవాలి. మళ్ళీ వస్తాడన్న నమ్మకమేముంది?

అక్క లేచి వెళ్ళింది. కోపం వస్తే ఆమె నడక చిందులా ఉంటుంది.

"ఈయన మీకు తెలుసా పెద్దమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"తెలీకపోవడమేంటి నాయనా."

"పేరు?"

"ముల్లంగి."

వరుసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆఫీసరు పెదవి కొరుక్కుని, పాస్‌పోర్టులో అలా లేదన్నాడు.

"దాంట్లో ఏముంటే నాకేంటి? నన్నడుగు చెప్తాను. ఎడం మోకాలు నొప్పి. వానొస్తుందని మాకంటే ముందు ఆ మోకాలికే తెలుస్తుంది. వెదురు చిగుళ్ళు తింటే పడదు. టీవీలో బాక్సింగ్ చూస్తూ ఓడిపోయినవాడి కోసం ఏడుస్తాడు. మా పంపు పాడైతే ఈయనే బాగుచేస్తాడు. వీధిలో కుక్కలన్నీ ఈయన గుమ్మంలోనే పడుంటాయి. నీ పడవెక్కడానికి తప్ప మా ఊరు దాటి ఎక్కడికీ పోలేదు, ఏదీ చూళ్ళేదు. ఈయన టూరిస్టేంటయ్యా? మా ఇంటి మనిషి."

నేను గరిటెతోనే నెత్తి కొట్టుకున్నాను. ఆఫీసరు పొద్దుట్నుంచీ అంటున్నది అదే కదా. కాపాడదామని వెళ్ళి, ఉన్న ఒక్క దారీ తన నోటితోనే మూసేసింది.

"నేనన్నదీ అదే పెద్దమ్మా," అన్నాడతను నెమ్మదిగా. "చూసిపోయేవాళ్ళకే ఈ ముద్ర. ఇంటి మనిషైతే ఇంటి మనిషికిచ్చే వీసా ఉండాలి. సరే, ఈయన మీకు ఏమవుతారు?"

అక్క నోరు తెరిచి, మూసింది. ఆ నోటికి మాట దొరక్కపోవడం నేను చూసింది అదొక్కసారే. రేకుల మీద వాన పడుతోంది. ఆమె ముల్లంగి వైపు చూడలేదు, ఆయన ఆమె వైపు తప్ప ఎటూ చూడలేదు.

ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. ఇద్దరినీ కాసేపు చూశాడు.

"ఈ ఒక్కసారికి వేస్తున్నాను. ఇదే ఆఖరు. మళ్ళీ ఇలా వస్తే, నేనున్నా ఇంకొకరున్నా వెనక్కి పంపేస్తాం. ఈ గడువులోపు ఏదో దారి చూసుకోండి." ముద్ర వేసి, ఎవరినీ చూడకుండా ఇంకో మాట అన్నాడు. "ముసలివాళ్ళ వీసాకి బ్యాంకులో చూపించేదాంట్లో, ఇక్కడి మనిషిని పెళ్ళి చేసుకున్నవాళ్ళు సగం చూపిస్తే చాలు."

ఇద్దరూ నా కొట్టు దగ్గరికి వచ్చారు. తలల లెక్క సరిపోయింది. అయినా అక్క ప్లేటు ముట్టలేదు. వ్యానులో కూర్చున్నవాళ్ళు అద్దాల్లోంచి చూస్తున్నారు. ముల్లంగి టోపీ చేత్తో పట్టుకుని బల్ల పక్కన నిలబడ్డాడు, తప్పు చేసినవాడిలా.

"ఏమోయ్ ముల్లంగీ," అంది అక్క, నీళ్ళవైపే చూస్తూ. "నీ అసలు పేరేంటి?"

ఆయన ముఖం పాలిపోయింది. మా దగ్గర అన్నాళ్ళుండి మా పద్ధతులు ఆ మాత్రం నేర్చుకున్నాడు.

"ఎందుకు? నాకు జబ్బా? ఆస్పత్రి?"

"ఆస్పత్రి కాదు. మండలాఫీసు."

నా గరిటె నూనెలోనే ఆగిపోయింది. మండలాఫీసులో చావులు రాస్తారు, పెళ్ళిళ్ళు రాస్తారు. అప్పుడు మాలో ఎవరూ చావలేదు. ఆ సంగతి ముల్లంగికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక టోపీ బల్ల మీద పెట్టి, ఎవరూ కూర్చోమనకుండానే ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఎస్కో," అన్నాడు. "ఎస్కో లెహ్తొనెన్."

"ముల్లంగే నయం," అంది అక్క.

"నీది?"

"ఫఖవదీ."

"ఫఖవదీ," అన్నాడాయన, మెల్లగా. ఎప్పుడూ జారే ఆ రాగం అప్పుడు ఒక్క అక్షరం దగ్గర కూడా జారలేదు. నేను భుజం మీది తువ్వాలు అంచుతో కళ్ళు తుడుచుకుని, పొయ్యి పొగ అన్నాను.

"గ్యాసు పొయ్యికి పొగేంటే," అంది అక్క.

ఆ తర్వాత కాగితాల కోసం ఇద్దరూ బ్యాంకాక్‌లో ముల్లంగి దేశపు ఆఫీసు చుట్టూ, ఇక్కడి ఆఫీసుల చుట్టూ తిరిగి తల ప్రాణం తోకకు తెచ్చుకున్నారు. పెళ్ళి రాయించే రోజు సాక్షిగా నన్నూ రమ్మన్నారు. కొట్టు మూసేసి, పట్టుబట్ట కట్టుకుని వెళ్ళాను. ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. గుమాస్తా బయటికి వచ్చి రెండు పేర్లు పిలిచాడు. ఎవరూ లేవలేదు. లోపలికి వెళ్ళి, మళ్ళీ వచ్చి పిలిచాడు. మేమూ అటూ ఇటూ చూశాం.

"ఎవరో పాపం," అంది అక్క నా చెవిలో. "పెళ్ళి పెట్టుకుని ఎక్కడికి పోయారో."

గుమాస్తా మా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆఫీసంతా ఖాళీ, బెంచీ మీద మేమే ఉన్నాం.

"మీరెవరండీ?" అన్నాడు.

"నేను కోప్‌ని, ఈయన ముల్లంగి, ఇది నూ," అని అక్క వరసగా చెప్పి, టక్కున ఆగి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత ముగ్గురం నవ్విన నవ్వుకు లోపలి నుంచి పెద్దాఫీసరే బయటికొచ్చాడు.

వచ్చేటప్పుడు వ్యానులో, మనసులో ఉంచుకోలేక అడిగేశాను.

"వీసా కోసమేనా అక్కా?"

"వీసా కోసమైతే ఆయనడిగేవాడు," అంది అక్క, గేరు మారుస్తూ. "అడిగింది నేను."

ముల్లంగికి ఇప్పుడు పద్ధతైన వీసా ఉంది. గట్టు దాటాల్సిన పని లేదు. ఆ తర్వాత అక్క వ్యాను వచ్చినప్పుడు, ముందు సీటు ఖాళీగా ఉంటుందనుకుని చూశాను. ఆయన అందులోనే ఉన్నాడు. చేపనూ మిగతావాళ్ళనూ పడవెక్కించి, ఒక్కొక్కరి నెత్తి మీద టోపీ ఉందో లేదో చూసి, వచ్చి అక్క పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఇద్దరికీ చెరో ప్లేటూ వేడివేడిగా పెట్టాను. ఇద్దరూ నీళ్ళవైపే చూస్తున్నారు.

"కనీసం నువ్వైనా వేడిగా తిను బావా," అన్నాను.

"తలలు రానీ," అన్నాడు ముల్లంగి, మా భాషలో, అచ్చం మా రాగంలో.

ఇప్పుడు వ్యాను వచ్చినప్పుడల్లా నాకు రెండు ప్లేట్లు చల్లారిపోతున్నాయి.