పోస్టమ్మ అడిగే మొదటి ప్రశ్న

హెడ్డాఫీసులో ఆవిణ్ణి అందరూ పోస్టమ్మ అంటారు. అలాగని ఉత్తరాలు పంచే ఉద్యోగమేమీ కాదు. దూరదూరంగా ఉన్న బ్రాంచీల్లో ఎక్కడ మెయిల్ ఆగినా, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, కుర్చీలోంచి కదలకుండా దాన్ని మళ్లీ నడిపించే పని ఆవిడది. ఆ పనిలో తనంతటి వాళ్లు లేరని ఆవిడ నమ్మకం. ఆఫీసు నమ్మకం కూడా అదే, కాకపోతే ఎదురుగా అనరు, నెత్తికెక్కుతుందని.

ఇంట్లో అత్తగారు మాత్రం చస్తే ఒప్పుకోదు. "రోజంతా ఫోన్లో కబుర్లు చెప్పినందుకు జీతమిస్తారా, ఎంత మంచివాళ్లమ్మా!" అంటుంది. "మీకూ ఇప్పిస్తాను అత్తయ్యా, మాకు మీలాంటి వాళ్లే కావాలి" అంటుంది కోడలు చెప్పులు వేసుకుంటూ. మాటకు మాట అప్పజెప్పడంలో ఇద్దరూ ఇద్దరే.

బ్రాంచి నుంచి ఫోన్ వస్తే మిగతా ఇంజనీర్లు "కేబుల్ తీసి పెట్టారా? ఆపి మళ్లీ వేశారా?" అని మొదలుపెడతారు. పోస్టమ్మ అలా కాదు. "ఇప్పుడు మీ గదిలో ఎవరెవరున్నారు?" అని అడుగుతుంది. మిషన్లు ఊరికే చెడవు, ఎవరో ఒకరు చెయ్యి పెడితేనే చెడతాయని ఆవిడ వాదం.

ఆ రోజు పొద్దున్నే ఒక దూరపు బ్రాంచి మేనేజరు నుంచి మెయిల్ వచ్చింది. ఇంటి దగ్గర కూర్చుని, అన్ని బ్రాంచీలకూ కాపీ పెట్టి మరీ రాశాడు మహానుభావుడు. కొత్తగా చేరిన గుమాస్తా అమ్మాయి కంప్యూటర్లో ఏదో కెలికిందట. ఆమె వచ్చిన దగ్గర్నుంచీ ఆఫీసు మొత్తానికీ మెయిల్ పడకేసిందట. కాబట్టి ఆమె ఉద్యోగం ఖాయం చెయ్యొద్దట. కారణం సాయంత్రంలోగా తేలకపోతే అమ్మాయిని తీసేస్తామని పెద్దవాళ్లు పోస్టమ్మతో చెప్పేశారు.

ఆవిడకు ఒళ్లు మండింది. "కెలకడానికి సర్వర్ ఏమైనా ఆ పిల్ల టేబుల్ మీదుందా?" అని గొణుక్కుంటూ బ్రాంచికి ఫోన్ కలిపింది. ఎత్తింది ఆ అమ్మాయే. గదిలో ఎవరెవరున్నారని అడిగితే, తామందరూ ఉన్నామనీ, సార్ కూడా ఇప్పుడే వచ్చారనీ చెప్పింది.

"మిగతా సైట్లు తెరుచుకుంటున్నాయా అమ్మా?"

"అన్నీ వస్తున్నాయి మేడం. మెయిల్ ఒక్కటే రావట్లేదు. నేనేం ముట్టుకోలేదు మేడం, ఒట్టు."

"ఒట్లు తర్వాత వేద్దువుగాని. అస్సలు రాదా, అప్పుడప్పుడూ వస్తుందా?"

అమ్మాయి నసిగింది. "చెప్తే బాగోదేమో... సార్ క్యాంపుకెళ్లిన రోజుల్లో బాగానే వస్తుంది మేడం."

పోస్టమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. సర్వర్లోకి తొంగిచూస్తే సంగతి ఇట్టే దొరికింది. మేనేజరు పేరు మీద తప్పు పాస్‌వర్డు ఒకటి ఆగకుండా వచ్చి పడుతోంది. అలా అదేపనిగా వస్తుంటే ఎవరో దొంగ అనుకుని, అది వచ్చిన చోటుకు కాసేపు తలుపు మూసేస్తుంది సర్వర్. బ్రాంచిలో అందరి ఫోన్లూ కంప్యూటర్లూ ఒకే ఇంటర్నెట్ లైను మీద బయటికి వస్తాయి కాబట్టి, సర్వర్‌కి అందరూ ఒక్కటే. అందుకే ఒకరు చేసిన దానికి ఆఫీసంతా శిక్ష అనుభవిస్తోంది.

"సార్‌ని పిలిచి స్పీకర్లో పెట్టు" అంది పోస్టమ్మ.

ఆయన వచ్చాడు.

"సార్, ఈ మధ్య పాస్‌వర్డు మార్చారా?"

"కొత్త ఫోన్ కొన్నాక మార్చాను. ఈ అమ్మాయి చేరిన వారమే. అయినా దానికీ దీనికీ సంబంధమేంటండీ?"

"పాత ఫోన్ ఎక్కడుంది?"

"బ్యాగులో. సిమ్ లేదులెండి, మా ఇంట్లో వైఫై కూడా లేదు, పాటలు వినడానికి ఉంచుకున్నా."

"సిమ్ లేకపోతేనేం, మీ ఆఫీసు వైఫై ఉందిగా. మీరు లోపల అడుగుపెట్టగానే అది పాత పాస్‌వర్డుతో మా తలుపు బాదుతోంది. దాన్ని ఆపండి. తలుపు నేను తీస్తాను."

ఆయన ఆపాడు. ఆవిడ తీసింది. అవతల గదిలో కంప్యూటర్లన్నీ ఒకదాని వెనక ఒకటి టింగుమన్నాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. పోస్టమ్మకు ప్రాణం లేచివచ్చింది.

మేనేజరు గొంతు తగ్గింది. "ఏదో సాంకేతిక లోపం అని రాసేయండి మేడం. అయిపోయిందిగా."

"రాయడానికి నాకేం సార్. కానీ మీరు అన్ని బ్రాంచీలకూ రాసిన మాట అలాగే ఉంటుంది. అది నా చేతిలో లేదు, మీరే సర్దాలి."

ఆయన అమ్మాయి వైపు తిరిగినట్టున్నాడు. "ఏమనుకోకమ్మా, పొరపాటు నాదే. నీ ఉద్యోగానికేం కాదులే" అన్న మాట సన్నగా వినిపించింది. అంత పెద్దమనిషి ఆ మాట అనడమే గొప్ప, పిల్ల కళ్లు తుడుచుకుని ఊరుకుంటుంది అనుకుంది పోస్టమ్మ.

ఊరుకోలేదు. ఇందాక ఒట్టు పెట్టిన గొంతే, ఇప్పుడు తొణక్కుండా పలికింది.

"పర్లేదు సార్. అదే మాట మెయిల్లో పెట్టండి, అందరికీ. ఇప్పుడు వెళ్తోందిగా."