పెట్టనివ్వని ముద్ద

గచ్చిబౌలిలో ఇవాళ మళ్లీ తెలంగాణ బంద్. ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ పెట్టిన అన్నం తింటున్న కుక్కను చూస్తే, మొదటి ఉద్యమం నాటి నాయన పనిచేసే క్వారీ ఓవర్సీయరు గుర్తొచ్చాడు. గొడవలకు భయపడి కోస్తాకు వెళ్లిపోతూ, తన వేటకుక్కను మా గుడిసెకు తెచ్చాడు.

"ఊరికే ఉంచుకో మల్లయ్యా. కుందేలు కనబడితే వదలదు."

"మాకొకటున్నది సారూ, వద్దు," అన్నాడు నాయన. నేను ఆ కుక్కకు జొన్న గట్క ముద్ద చాపితే చెయ్యి పట్టుకున్నాడు. "పెట్టకు బిడ్డా."

ఆంధ్రావాళ్ల కుక్కకి నాయన ముద్ద కూడా పెట్టనివ్వలేదని బడిలో గొప్పగా చెప్పాను. ఇన్నేళ్లూ అదే చెప్పి అలసిపోయాను. అసలు కారణం అది కాదు. ఆనాటి బంద్‌లతో క్వారీ మూతపడి, మా కుక్కే పస్తులుండేది. ముద్ద పెట్టిన ఇల్లు వేటకుక్క వదలదని నాయనకు తెలుసు.

ఆ పూట ఆయన కూడా తినలేదు.