రెండు బోర్డులు, ఒక మైకు, మా బియ్యం గది

అసమర్థుడైన మనిషి మహా అయితే తన ఇంటిని తలకిందులు చేయగలడు. నేను సమర్థురాలిని కనుక, ఒకే మధ్యాహ్నంలో ఒక ఇంటిని, ఒక వీధిని, ఒక దీక్షా శిబిరాన్ని స్తంభింపజేశాను. కారణం, అరచేతిలో పట్టే రెండు ఎలక్ట్రానిక్ బోర్డులు ఒకదానినొకటి పలకరించుకోకపోవడం. ఈ ఘనతలో వాటా అడగడానికి నేటి వరకూ ఎవరూ ముందుకు రాలేదు.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులవి. బస్సులు కదలడం లేదు. మా ఇంజినీరింగ్ కాలేజీకి తాళం. తీగ లేకుండా కబురు పంపుకొనే రెండు బోర్డులే నా చివరి సంవత్సరం ప్రాజెక్టు. ఒకదాని మీద మీట నొక్కితే రెండోదాని మీద పచ్చదీపం వెలగాలి, అంతే. ల్యాబ్ మూతపడింది కనుక మెదక్‌లోని మా ఇంట్లో, బియ్యం బస్తాల గదిలో కంప్యూటర్ పెట్టి, కావలసిన సాఫ్ట్‌వేర్ అంతా ఎక్కించి, ప్రయోగశాలను నెలకొల్పాను. సాయంత్రం మా సార్ తూప్రాన్ నుంచి స్కూటర్ మీద వచ్చి చూస్తానన్నారు. దీపం వెలగకపోతే పరీక్షకు నా పేరు వెళ్లదు, ఏడాది గల్లంతు.

బోర్డుల్లో ఎక్కించవలసిన ప్రోగ్రాంలు, వాటి పద్ధతి ఉన్న సీడీ ఒకటి సార్ ముందే ఇచ్చి, "అండ్ల ఎట్లుంటే అట్ల చెయ్యి. ఉల్టా సవాలు అడగకు" అన్నారు. వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచిన నన్ను ప్రశ్నించవద్దనడం, కోడిపుంజును కూయవద్దనడం వంటిది. అడుగడుగునా ఆగి, "ఎందుకు?" అని ఆ సీడీని నిలదీశాను. అది మౌనం వహించింది. మౌనం ఓటమికి అంగీకారమని చర్చా మర్యాద. కనుక నాకు న్యాయమని తోచినట్టే చేశాను.

మీట నొక్కాను. దీపం వెలగలేదు.

ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడట. నేను మద్దెలతో ఆగక, వీధిలో కనిపించిన ప్రతి వస్తువునూ ఓడన్నాను.

"నాయినమ్మా, ఫ్రిజ్ బందు చెయ్యి. నా సిగ్నల్‌ను చెడగొడుతుంది."

"పాలు ఇరుగుతయే!"

"పాలు ముఖ్యమా, నా భవిష్యత్తు ముఖ్యమా?"

"పాలే. మీ సార్‌కు చాయ్ పొయ్యాలె గద."

ఆ వాదంలో లోపం దొరక్క, ఫ్రిజ్ తీగ నేనే పీకేశాను. దీపం వెలగలేదు. పక్కింటి మిక్సీ ఆపించాను. ఎదురింటి ఇనుప మంచాన్ని, దాని మీద నిద్రపోతున్న తాతతో సహా, వీధి చివరికి మోయించాను. తాత కళ్లు తెరిచి, బస్సులో ఉన్నాననుకొని, "శివ్వంపేట వచ్చిందా?" అని అడిగి మళ్లీ పడుకున్నాడు. దీపం మాత్రం వెలగలేదు.

అప్పుడు చౌరస్తాలోని దీక్షా శిబిరం నుంచి మైకు మోగింది. దొంగ దొరికాడు! పరుగున వెళ్లి, శిబిరం నడిపే యాదగిరి కాక ముందు నిలబడ్డాను.

"కాకా, జర మైకు బందు పెట్టుండ్రి. నా వైర్‌లెస్ పనిచేస్తలేదు."

"ఇదేమన్న పెండ్లి మైకా బిడ్డా, బందు పెట్టనీకి? రాష్ట్రం కోసం కూసున్నం."

"హక్కుల కోసం కూసున్నోళ్లు ఒక విద్యార్థి హక్కును ఎట్ల తొక్కుతరు కాకా?"

శిబిరంలో చప్పట్లు. "మస్తుగ అడిగినవు! గీ ముచ్చట మైకుల చెప్పు బిడ్డా!"

పాఠకులు మన్నించాలి. చేతిలో మైకు, పక్షాన న్యాయం ఉన్నప్పుడు ఆగడం నా వల్ల కాదు. మైకు ఆపించడానికి వెళ్లిన నేను, అదే మైకులో గొంతు బొంగురుపోయేదాకా ఉపన్యసించాను. కాక ముగ్ధుడై, మైకు కట్టేయించి, నా వైర్‌లెస్ పోరాటానికి సంఘీభావంగా శిబిరాన్నంతటినీ వెంట నడిపించాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఎంత మంచిదంటే, ఊరు మా గడపలోకే వచ్చింది.

అక్కడ సార్, విరిగిన పాల పుణ్యమా అని నల్లచాయ్ తాగుతూ కూర్చుని ఉన్నారు. నేను మళ్లీ మీట నొక్కాను. దీపం వెలగలేదు. సార్ కంప్యూటర్ తెర వైపు వంగి చూశారు.

"అమ్మా, సీడీల రెండు ప్రోగ్రాంలు ఉండె గద. చెప్పేది ఒకటి, ఇనేది ఒకటి. రెండు బోర్డులల్ల చెప్పేదే ఎక్కించినవేంది?"

"సార్, ఒకటి ఎప్పుడూ చెప్పుడే, ఇంకోటి ఎప్పుడూ ఇనుడే, ఇదేం న్యాయం? అందుకే రెండిటికీ సమానంగ మాట్లాడే హక్కు ఇచ్చిన. నోరున్నదానికి చెవులుండయా అనుకున్న."

"సమాన హక్కులు! జై తెలంగాణ!" అన్నాడు కాక. బియ్యం గది దద్దరిల్లింది.

"హక్కులు సరే అన్నా," అన్నారు సార్, "మరి ఇనేదెవరు?"

నాయినమ్మ కొంగు సవరించుకొని ముందుకు వచ్చింది.

"దాన్ని ఏమనకుండ్రి సార్. మా ఖాందాన్ల ఇనేటోళ్లే పుట్టలే. అది మాత్రం యాడికెల్లి తెస్తది?"

సార్ నవ్వాపుకొని ఒక బోర్డుకు వినడం నేర్పారు. పచ్చదీపం వెలిగింది. పరీక్షకు నా పేరు వెళ్లింది.

ఆ రోజే బియ్యం బస్తాల సాక్షిగా గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ప్రాణులైనా పరికరాలైనా రెండు ఎదురెదురుగా ఉన్నచోట, వాటిలో ఒకటి తప్పక వినేటట్లు చూస్తాను. ఆ రెంటిలో ఒకటి నేనైన పక్షంలో, వినవలసినది రెండోదే. ఆ విషయంలో చర్చకు తావు లేదు.